పేరు దక్కడానికి 141 ఏళ్లు!

నాటకంలో ఆడవేషం ఆడవాళ్లే వెయ్యడం ఇప్పుడు మనకి వింతేం కాదు. కానీ ఒకప్పుడు కలకత్తాలో కూడా చాలామటుకు మగవాళ్లే చీర కట్టి, సవరం పెట్టి నాయికలయ్యేవారు. 1873లో బెంగాల్ థియేటర్ వాళ్లు ధైర్యం చేసి నటీమణుల్ని తీసుకున్నారు. సంసారుల ఇళ్ల నుంచి ఎవరూ రారు కదా... అందుకని వేశ్యావాటికల నుంచే తెచ్చుకున్నారు.

ఆ మరుసటి ఏడాదే గ్రేట్ నేషనల్ థియేటర్లో అడుగుపెట్టింది బినోదినీ దాసి. వయసు పన్నెండేళ్లలోపే. జీతం నెలకి 10 రూపాయలు. ఇంట్లో కటిక పేదరికం. మొదటి వేషం ద్రౌపది చెలికత్తె. తర్వాత గిరీశ్ చంద్ర ఘోష్ శిక్షణలో రాటుదేలింది. 'మేఘనాదవధ' నాటకంలో ఒక్కతే ఏడు పాత్రలు వేసి మెప్పించింది.

1883లో గుర్ముఖ్ రాయ్ అనే ధనవంతుడు ఆమె మీద మనసుపడ్డాడు. నాటకాలు మానేసి తనతో వచ్చేస్తే 50 వేలు ఇస్తానన్నాడు. బినోదిని ఆ డబ్బు వద్దంది. థియేటర్ కట్టించమంది! తోటి నటుల కోసం అతనితో ఉండటానికి ఒప్పుకుంది. కడుతున్నప్పుడు తట్టలతో మట్టి కూడా మోసింది. థియేటర్‌కి ఆమె పేరులోని మొదటి అక్షరంతో 'బి థియేటర్' అని పెడతామని అందరూ ఆశపెట్టారు. తీరా రిజిస్టర్ చేసి వచ్చాక చూస్తే... 'స్టార్ థియేటర్'! వేశ్య పేరు పెడితే జనం రారనే భయమే కారణమంటారు. కొన్నాళ్లకి గుర్ముఖ్ రాయ్ తప్పుకుంటే థియేటర్ నలుగురు మగవాళ్ల చేతికి పోయింది. పాపం, ఆమెకి వాటా కూడా దక్కలేదు.

అయినా అదే స్టేజి మీద చైతన్య మహాప్రభువుగా నటించింది. 1884 సెప్టెంబరులో రామకృష్ణ పరమహంస అంతటివారు ఆ నాటకం చూసి ఆమెని దీవించారు. 1887 మొదట్లో, చిన్న వయసులోనే, బినోదిని రంగస్థలానికి దూరమైంది.

కూతురు శకుంతలని చదివించాలని తల్లిగా ఎంత తాపత్రయపడిందో! ఏ బడీ చేర్చుకోలేదు. ఆ పిల్ల 1904లో చనిపోయింది. పెద్ద చదువేం లేని బినోదిని కలం పట్టి 'అమార్ కథా' పేరుతో తన కథ తనే రాసుకుంది. 1941లో కన్నుమూసింది.

ఆమె మట్టి మోసిన కట్టడం ఇప్పుడు లేదు. 1888లో హాతీబగాన్‌కి మారిన స్టార్ థియేటర్‌కి మాత్రం 'బినోదినీ థియేటర్' అని పేరు మారుస్తున్నట్టు 2024 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించారు. ఈసారి ఒక్క అక్షరం కాదు, పూర్తి పేరే!