కలివికోడిని లోకానికి చూపిన వైద్యుడు

బాలలారా! బ్రిక్‌ఫీల్డ్స్ వీధులలో మీరు నిత్యమూ చూసే బూడిదరంగు మెడ కాకులు ఈ నేలలో పుట్టిన జాతి కావు. 1890ల ప్రాంతంలో క్లాంగ్ కాఫీ తోటలలోని గొంగళిపురుగులను తినగలవని వాటిని సింహళం నుండి ఓడలో తెచ్చారు. మన పూర్వులవలె అవీ సముద్రం దాటి వచ్చినవే. ఇటువంటి పక్షులను గూర్చి తెలుసుకొనుటకే తన జీవితాన్ని వెచ్చించిన ఒక ప్రయాణికుని కథ వినండి.

ఆయన పేరు థామస్ జెర్డన్. 1811లో ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణం రేవులో ఓడ దిగారు. గంజాం ప్రాంతంలో జ్వరాలతో, విరేచనాలతో బాధపడుతున్న సైనికులకు చికిత్స చేయుట ఆయన తొలి పని. తీరిక దొరికినప్పుడల్లా తూర్పు కనుమలలో పక్షులను వెదికేవారు. ఆ కాలంలో పక్షులను పరిశీలించడమంటే తుపాకితో కొట్టి, చర్మం ఒలిచి భద్రపరచడమే. మనకు అది నచ్చదు; అప్పటి పద్ధతి అదే.

ఒకసారి ఆయన తాను సేకరించిన పక్షులను పేర్లు తెలియజేయమని స్కాట్లండులోని విలియం జార్డిన్ అనే పండితునికి పంపారు. అవి అక్కడికి చేరేసరికి పురుగు పట్టి పాడైపోయాయి! ఎంత శ్రమ వృథా అయిందో ఊహించండి. ఆనాటి నుండి జెర్డన్ తన కన్నులనే నమ్ముకొని, తానే గుర్తించి, 420 జాతుల పట్టికను చెన్నపట్టణపు పత్రికలో 1839, 1840లలో ప్రకటించారు. తరువాత అదే నగరంలో యాభై రంగు చిత్రాల గ్రంథమొకటి వెలువరించారు. అందులో ఎక్కువ బొమ్మలు మన దేశపు చిత్రకారులు వేసినవే.

నెల్లూరులో వైద్యునిగా ఉన్నప్పుడు ఆయనకు గొప్ప గురువులు దొరికారు. వారు యానాదులు. అడవిలో ఏ ప్రాణి ఎక్కడ తిరుగుతుందో వారికి కొట్టినపిండి. జెర్డన్ వారిని అడిగి నేర్చుకొన్నారు. 1862 నుండి 1864 వరకు వెలువడిన ఆయన మహాగ్రంథంలో వెయ్యికి పైగా జాతుల వర్ణనలున్నాయి. పక్షుల పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాలలో కనబడతాయి.

వాటిలో ఒకటి అడవి ఉత్తతిత్తి. ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి. పొదల మధ్య నడిచే, రాత్రివేళ తిరిగే ఈ చిన్న పక్షిని నేడు కలివికోడి అంటాము. దీనిని లోకానికి తెలియజేసినది జెర్డనే. 1848లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. 1872లో ఆయన ఇంగ్లండులో మరణించారు.

1900 తరువాత కలివికోడి ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకొన్నారు. బొంబాయి పరిశోధకులు కడప పల్లెలలో దాని బొమ్మ చూపుతూ తిరిగారు. 1986 జనవరిలో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లె వద్ద అక్కడి వేటగాడొకరు చీకటిలో దీపం పట్టుకొని వెళ్ళి, దానిని ప్రాణంతోనే పట్టి తెచ్చారు. దాని కోసమే ఇప్పుడు అక్కడి లంకమల అడవిని కాపాడుతున్నారు. సూర్యాస్తమయం తరువాత కాసేపు మాత్రమే, రెండక్షరాల కూతతో అది పలుకుతుంది.