సరుకుల లిస్టు పక్కనే హత్య కథ

నా బీరువాలో చీరల అడుగున సగం రాసిన నవల ఒకటుంది. పన్నెండు అధ్యాయాలు రాసి ఆపేశాను. కథంతా ముందే గీసుకోకుండా మొదలుపెట్టావు, అందుకే దారి తప్పావంది మా ఆడపడుచు. అలా గీసుకుంటే మనుషులు బొమ్మలైపోతారంది పక్కవాటా వదినగారు. ఎవరి మాట వినాలో తేలక కాగితాలు మడిచి లోపల పెట్టేశాను. ఆ దిగులులోనే అగాథా క్రిస్టీ జీవితం చదివాను.

ఆవిడ 1890లో ఇంగ్లండులోని టార్కీ అనే ఊళ్ళో పుట్టింది. చదువు ఎక్కువభాగం ఇంట్లోనే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఊళ్ళోని ఆసుపత్రిలో ముందు నర్సుగా, తరువాత మందులు కలిపి ఇచ్చేచోట పనిచేసింది. చుట్టూ విషాల సీసాలు! వాటి మధ్యే డిటెక్టివ్ నవల ఊహ పుట్టింది. 1916లో రాయడం మొదలుపెట్టి, సగానికొచ్చేసరికి చిక్కుల్లో పడిపోయింది. అచ్చం నాలాగే.

అప్పుడు ఆదుకున్నది కన్నతల్లి. సెలవు పెట్టి ఎక్కడికైనా వెళ్ళి పూర్తిచేసుకు రమ్మంది. డార్ట్‌మూర్ బయళ్ళలో ఒక హోటల్లో రెండు వారాలుంది అగాథా. పొద్దున్నే రాయడం, మధ్యాహ్నం ఒంటరిగా నడుస్తూ మర్నాటి అధ్యాయంలోని మాటలు తనలో తనే అనుకోవడం. అలా పూర్తయిన నవలను చాలామంది ప్రచురణకర్తలు తిప్పిపంపారు. చివరికి 1920లో అచ్చయింది. పేరు 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'.

దానితో కలిపి మొత్తం అరవయ్యారు డిటెక్టివ్ నవలలు వచ్చాయంటే ఎంత పకడ్బందీ ప్లాన్లో అనుకుంటాం కదా! ఆవిడ పోయాక దొరికిన 73 నోటుపుస్తకాలు చూస్తే నవ్వొస్తుంది. తేదీలు అరుదు, వరసా వావీ లేదు. ఒకే నవల ఆలోచనలు నాలుగు పుస్తకాల్లో. హత్య పన్నాగం పక్కనే కొనాల్సిన సరుకులు, పండగ కానుకల లిస్టులు, కూతురు రోజలిండ్ దిద్దుకున్న అక్షరాలు! కొన్ని కథల్లోనైతే హంతకుడెవరో ఆవిడకే మొదట తెలియదు. ఇద్దరు ముగ్గురిని అనుకుని, చూసి, మార్చుకుంది.

మరి ప్లాను సిద్ధంగా ఉంటే రాత సులువవుతుందా? 1926లో తల్లి పోయింది. అదే ఏడు భర్త, ఇంకొకామెను ప్రేమించానని విడాకులు అడిగాడు. డబ్బు కావాలి, రాయక తప్పదు. తను అంతకుముందు రాసిన చిన్న కథనే పెంచి, 'ది మిస్టరీ ఆఫ్ ద బ్లూ ట్రైన్' రాసింది. కథ చేతిలో ఉన్నా, మనసు లేదు. 1928లో వచ్చిన ఆ పుస్తకం ఆవిడకు ఎప్పుడూ నచ్చలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌లో మళ్ళీ ఆసుపత్రి మందుల పని చేస్తూ, మారుపేరుతో 'ఆబ్సెంట్ ఇన్ ద స్ప్రింగ్' రాసింది. ఎడారిలో రైలు కోసం చిక్కుకుపోయిన ఓ గృహిణి తన కాపురాన్ని తిరిగి చూసుకునే కథ. ఏళ్ళ తరబడి మనసులో నానింది. మొదటి అధ్యాయం కాగానే చివరి అధ్యాయం రాసేసింది! మూడోరోజు డ్యూటీకి కూడా వెళ్ళలేదు. మూడు రోజుల్లో నవల పూర్తి. 1944లో అచ్చయింది.

1976లో, ఎనభై అయిదో ఏట ఆవిడ కన్నుమూసింది. ఆవిడ జీవితం చదివాక నాకు తోచింది ఇదీ. గీసుకుని రాశామా, గీసుకోకుండా రాశామా అన్నది కాదు, కథ లోపల ఉడికిందా లేదా అన్నదే లెక్క. పప్పు ఉడక్కుండా తాలింపు పెడితే ఏం లాభం?

నిన్న చీరల అడుగునుంచి కాగితాలు తీశాను. పదమూడో అధ్యాయం జోలికి పోలేదు. నా కథానాయిక చివరికి ఏ గుమ్మం ముందు నిలబడుతుందో అది మాత్రం రాశాను, పాలలెక్క రాసుకునే పుస్తకంలోనే. మీ బీరువాలోనూ అలాంటి కాగితాలుంటే, ఓసారి బయటికి తీయండి మరి!