వేళాపాళా లేని డాక్టరమ్మ

కాన్పుల వార్డులో నైట్ డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు, అసలు కష్టం రాత్రిది కాదు, మర్నాటి పగటిది. కళ్లు మూతలు పడుతుంటే పాలవాడి బెల్లు, కుక్కరు కూత, స్కూలుకు తయారయ్యే పిల్లలు. పన్నెండేళ్లు ఆ బతుకు బతికాను కనుకే కాదంబినీ గంగూలీ అంటే నాకంత ఇష్టం. ఆవిడకు డ్యూటీ చార్టు కూడా లేదు. తలుపు ఎప్పుడు తడితే అప్పుడే డ్యూటీ.

1861లో భాగల్పూర్‌లో పుట్టిన కాదంబిని, 1883లో చంద్రముఖీ బసుతో కలిసి పట్టభద్రురాలయ్యారు. బ్రిటిష్ ఇండియాలో డిగ్రీ చదివిన మొదటి ఆడవాళ్లు వాళ్లిద్దరే. ఆ ఏడే ద్వారకానాథ్ గంగూలీని పెళ్లాడారు. భార్య పోయిన మనిషి, ఈవిడకన్నా పదిహేడేళ్లు పెద్ద. కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి 1886లో డాక్టరయ్యారు. 1893లో ఎడిన్‌బరో వెళ్లి మరో మూడు డిప్లొమాలు తెచ్చుకున్నారు. ఈ చదువుల సంగతి అందరూ రాసేదే. నా ధ్యాసంతా ఆవిడ రాత్రుల మీదే.

1888లో లేడీ డఫరిన్ ఆస్పత్రిలో నెలకు 300 రూపాయల జీతం. అప్పట్లో పెద్ద మొత్తమే. తర్వాత సొంత ప్రాక్టీసు. పరదా చాటు ఆడవాళ్లు ఆస్పత్రికి రారు కదా, డాక్టరే వాళ్ల గడప తొక్కాలి. నొప్పులు పగలే వస్తాయా ఏమన్నానా? గుర్రబ్బండి ఎక్కాల్సిందే. ఇంట్లో చూస్తే సవతి పిల్లలతో కలిపి ఎనిమిదిమంది! దారిలో బండిలో కూర్చుని లేసు అల్లుకునేవారట. నర్సాపురం ఆడవాళ్ల చేతుల్లో లేసు చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు. రోజు మొత్తంలో ఆ కాస్సేపే ఆవిడ సొంతమేమో.

మరి గౌరవం మాటేమిటంటారా? ఒక పెద్దింట్లో పురుడు పోస్తే, మంత్రసానికి పెట్టినట్టు వరండాలో అన్నం పెట్టి, తిన్నచోటు ఆవిడనే శుభ్రం చేసుకోమన్నారట.

1891లో బంగబాసి అనే పత్రిక ఇంకా దిగజారింది. డొంకతిరుగుడుగా ఆవిడను వేశ్యను చేసి రాసింది. వేళకాని వేళ గడప దాటే ఆడదాని మీద వేయడానికి అంతకన్నా సులువైన నింద ఏముంది! నైట్ డ్యూటీకి బయల్దేరే ఆడపిల్ల వెనక వీధి చివర గుసగుసలు మనమింకా వింటున్నవే. కాదంబిని మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. భార్యాభర్తలు కోర్టుకెక్కారు. సంపాదకుడు మహేశ్‌చంద్ర పాల్‌కు 100 రూపాయల జరిమానా, ఆరు నెలల జైలు పడ్డాయి.

1898లో భర్త పోయారు. అయినా వైద్యం మానలేదు. 1923 అక్టోబరు 3న, అరవై రెండో ఏట, కాదంబిని కన్నుమూశారు. ఆ రోజు కూడా ఒక ఆపరేషన్ చేసే ఇంటికొచ్చారు.