పాట అడుగున ఒక మనిషి: జేమ్స్ జేమర్సన్

ఈ నెల గోడపత్రికకు ఒక ప్రముఖుడి జీవితం రాసి ఇమ్మని మేడమ్ అడిగారు. వీరేశలింగం గారినీ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారినీ మూడో సంవత్సరం అక్కలు ముందే పట్టేసుకున్నారు. నేను జేమ్స్ జేమర్సన్ గురించి రాస్తానన్నాను. ఆయనెవరమ్మా అన్నారు మేడమ్. ఆవిడ అడగడంలో తప్పేం లేదు. ఆయన వాయించిన పాటలు రేడియోలో రోజూ విన్న అమెరికా వాళ్ళకే ఆయన పేరు చాలాకాలం తెలియదు. ఈ రోజు ప్రపంచంలో బేస్ గిటార్ పట్టుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు. ఈ రెండింటి మధ్యా ఆయన జీవితం అయిపోయింది.

ముందు బేస్ గిటార్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పేస్తాను. మన కాలేజీ బ్యాండులో నేను వాయించేది అదే. చూసినవాళ్ళు గిటారే కదా, రెండు తీగలు తెగిపోయాయా అని అడుగుతుంటారు. తెగలేదు. దానికి ఉండేవే నాలుగు లావు తీగలు. పాటలో అడుగున ధుమ్ ధుమ్ అంటూ నడిచే శబ్దం దానిదే. పెళ్ళిపందిరికి గుంజ ఎలాగో పాటకి బేస్ అలాగ. వచ్చినవాళ్ళంతా పూలదండలు చూస్తారు, అరటిబోదెలు చూస్తారు, గుంజను ఎవరూ చూడరు. గుంజ తీసేస్తే మాత్రం అందరికీ తెలుస్తుంది.

జేమర్సన్ 1936 జనవరి 29న దక్షిణ కరోలినా రాష్ట్రంలో, చార్లెస్టన్ దగ్గరి ఎడిస్టో అనే దీవిలో పుట్టాడు. నల్లజాతి కుటుంబం. తల్లిదండ్రులు విడిపోయారు. పియానో వాయించే నాయనమ్మ దగ్గరా, చర్చిలో పాడే అత్త దగ్గరా కొంతకాలం పెరిగాడు. చిన్నప్పుడు ఒక కర్రకి రబ్బరు బ్యాండు సాగదీసి కట్టి, కర్ర కొసను చీమలపుట్టలో గుచ్చి మీటేవాడట. చీమలు బయటికొచ్చి తన పాటకి ఆడుతున్నాయని మురిసిపోయేవాడట. ఈ సంగతి చదివినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. ఆలోచిస్తే బేస్ చేసే పని అదే కదా, నేలలోంచి కదిలించడం.

1954లో తల్లితో కలిసి డెట్రాయిట్ చేరాడు. ఆ రోజుల్లో దక్షిణాది నల్లవాళ్ళు కార్ల ఫ్యాక్టరీల్లో పని వెతుక్కుంటూ లక్షలమంది ఉత్తరాదికి తరలివెళ్ళారు. అక్కడ నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో నిలువు బేస్ పట్టుకున్నాడు. నిలువు బేస్ అంటే మనిషికంటే ఎత్తుండే పెద్ద వయొలిన్ లాంటిది, పక్కన నిలబడి వాయించాలి. స్కూలు అయ్యాక క్లబ్బుల్లో జాజ్, బ్లూస్ వాయిస్తూ పేరు తెచ్చుకున్నాడు. 1959లో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డు కంపెనీ పెట్టాడు. అదే తర్వాత మోటౌన్ అయింది. మోటారు టౌను అన్నమాట. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద ఒక మామూలు ఇల్లు కొని, అందులోనే స్టూడియో కట్టారు. పైనుంచి వైర్లు వేలాడుతుంటాయని వాద్యకారులు దానికి పాముల గుంట అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడది మ్యూజియం.

ఆ గుంటలో పగలనక రాత్రనక పాటలు తయారయ్యేవి. పాడేవాళ్ళు మారేవాళ్ళు, వెనక వాయించేవాళ్ళు మాత్రం దాదాపు వాళ్ళే. ఫంక్ బ్రదర్స్ అని తమని తాము పిలుచుకున్న ఒక డజనుమంది. వాళ్ళకి మొదట్లో పాటకి పది డాలర్ల లెక్కన ఇచ్చేవారట. జేమర్సన్ ముందు స్వరాల వరుస రాసిన కాగితం ఒకటి పెట్టేవారు, మిగతాది ఆయన ఇష్టం. అప్పటిదాకా పాటల్లో బేస్ పని ఏమిటంటే ఒక స్వరం పట్టుకుని తాళం కాయడం. ఈయన ఆ స్వరాల మధ్యలోకి దిగి తిరిగాడు. పాడేవాళ్ళు ఊపిరి తీసుకునే సందులో తొంగిచూసి, వాళ్ళు మొదలుపెట్టగానే తప్పుకుని, జాజ్‌లో నేర్చుకున్న నడకంతా పాప్ పాటలోకి తెచ్చాడు. అదీ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే. ఆ వేలుకి కొక్కెం అని పేరు. నేను రెండు వేళ్ళతో కూడా ఆ వేగం అందుకోలేను. నిజం చెప్తున్నాను, ఫోర్ టాప్స్ పాడిన బెర్నడెట్ 1967లో వచ్చింది, దాన్ని ఈ సెలవులంతా సాధన చేసినా నాలుగో లైను దాటలేదు.

ఇక ఆయన వాద్యం. ఈ భాగం కాస్త ఎక్కువ రాస్తాను, క్షమించాలి, నాకు ఇష్టమైన సంగతి ఇదే.

మొదట్లో నిలువు బేసే వాయించేవాడు. తర్వాత ఎలక్ట్రిక్ బేస్‌కి మారాడు. ఫెండర్ కంపెనీ వాళ్ళ ప్రెసిషన్ బేస్. 1951లో దాన్ని తయారుచేసిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు రిపేరు చేసుకునే మనిషి, ఆయనకి గిటార్ వాయించడమే రాదు. నిలువు బేస్ మోసి మోసి నడుములు పోయిన వాద్యకారులకి ఇది పెద్ద వరం. జేమర్సన్‌కి మొదటి ప్రెసిషన్‌ను తోటి వాద్యకారుడు ఒకాయన ఇచ్చాడు. నల్లరంగు వేసినది. అది దొంగలెత్తుకుపోయారు. తర్వాత చేతికొచ్చింది 1962 నాటిది, అంచులు నల్లగా మొదలై మధ్యకొచ్చేసరికి పసుపుగా మారే రంగు. సన్‌బర్స్ట్ అంటారు. నెక్ వచ్చి ఒంటికి అతికే చోట ఫంక్ అని ఇంగ్లీషు అక్షరాలు చెక్కుకున్నాడు. మిగిలిన జీవితమంతా దాంతోనే.

మన దగ్గర సెకండ్ హ్యాండులో బేస్ కొనబోతే అమ్మేవాడు మొదట చెప్పే మాట తీగలు కొత్తవి వేయించానని. నాకూ అదే చెప్పారు. ఏడున్నర వేలకి ఇంటికి తెచ్చుకున్నాక చూస్తే తీగలు కొత్తవే, నెక్ వంగిపోయి ఉంది. సరే, ఆ గోల వదిలేద్దాం. జేమర్సన్ తీగలు మార్చేవాడే కాదు. తెగితే తప్ప. లా బెల్లా కంపెనీ లావు తీగలు, అదీ చుట్టుతీగ బల్లపరుపుగా, నున్నగా ఉండే రకం. పాతబడ్డకొద్దీ, వేళ్ళ జిడ్డూ మట్టీ పట్టినకొద్దీ వాటి మెరుపు పోయి శబ్దం మెత్తగా, లోతుగా అవుతుంది. ఆ మురికిలోనే సంగీతం ఉందని ఆయన నమ్మకం. దానికి తోడు బ్రిడ్జి మూత కింద ఒక స్పాంజి ముక్క. అది తీగ ఎక్కువసేపు మోగకుండా ఆపుతుంది. ఒక్కో స్వరం ధుమ్మని పుట్టి వెంటనే తప్పుకుంటుంది, తర్వాతి స్వరానికి చోటిస్తుంది. అంత వేగంగా వాయించినా ఆయన పాటల్లో గందరగోళం ఉండకపోవడానికి ఈ స్పాంజి ముక్క కూడా ఒక కారణం. తీగలు నెక్‌కి చాలా ఎత్తులో ఉండేవి. నొక్కాలంటే మామూలు వేళ్ళవల్ల కాదు. నిలువు బేస్ మీద ముదిరిన వేళ్ళు కాబట్టి ఆయనకి సరిపోయింది.

స్టూడియోలో యాంప్లిఫయర్ కూడా వాడేవారు కాదు, బేస్ వైరు నేరుగా రికార్డింగ్ బల్లలోకే. క్లబ్బుల్లో మాత్రం ఆంపెగ్ బి-15 అనే యాంప్. పగలు పొట్టకోసం మోటౌన్, రాత్రి చిట్ చాట్ లాంజ్ లాంటి క్లబ్బుల్లో మనసుకోసం జాజ్. రాత్రి క్లబ్బులో సరదాగా ప్రయత్నించినవి తెల్లారి పాటల్లోకి వచ్చేసేవట. 1968 నాటికి కంపెనీ ఆయన్ని వదులుకోలేక వారానికి 1000 డాలర్ల జీతం కట్టింది. డబ్బు వచ్చింది. రికార్డు అట్ట మీద పేరు రాలేదు. పాడినవాళ్ళ ఫోటో, కంపెనీ ముద్ర, అంతే. మై గర్ల్ పాట మొదలయ్యేదే ఆయన బేస్‌తో. ఆ మూడు దెబ్బలు వినగానే లోకమంతా పాట గుర్తుపడుతుంది. కొట్టిన చెయ్యి ఎవరిదో ఆ అట్ట మీద ఉండదు.

ఇది వింటే మద్రాసులో ఉన్న మనం ఆశ్చర్యపోకూడదు. మన పాత తెలుగు పాటలు రికార్డయింది కోడంబాకం, వడపళని చుట్టుపక్కలే కదా. మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఇంకా క్యాసెట్లున్నాయి. పాడినవాళ్ళు, రాసినవాళ్ళు, సంగీత దర్శకుడు, ఇంతవరకే పేర్లు. లైట్ మ్యూజిక్ ట్రూపుల్లో పదేళ్ళు బేస్ వాయించిన మా చినమామయ్య ఆ పాటలు పెట్టి, ఈ బేస్ ఎవరు వాయించారో చూడవే అంటుంటాడు. ఎక్కడ చూడను?

1971లో మార్విన్ గే వాట్స్ గోయింగ్ ఆన్ అనే రికార్డు తెచ్చాడు. ఆ పేరు గల పాటకి జేమర్సనే కావాలని పట్టుబట్టి, రాత్రి క్లబ్బులు వెతికి పట్టుకొచ్చాడని చెప్తారు. అప్పటికే బాగా తాగి ఉన్నాడట, కుర్చీలో కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకుని వాయించాడట. పాట వినండి, అందులో ఒక్క స్వరం తూలదు. ఆ రికార్డు అట్టమీద వాద్యకారుల పేర్లు వేశారు, జేమర్సన్ పేరు పక్కన ఒక మెచ్చుకోలు మాట కూడా. పన్నెండేళ్ళు వాయించాక!

తాగుడు సంగతి దాచడం నాకిష్టం లేదు. అది ఆయన్ని మెల్లగా తినేసింది. దానికి తోడు 1972లో కంపెనీ డెట్రాయిట్ వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది. వాద్యకారులకి ముందు చెప్పినవాళ్ళు లేరు, ఒకరోజు పనికి వస్తే తలుపుమీద నోటీసు ఉంది. మరుసటి ఏడు ఈయన కూడా వెనకాలే వెళ్ళాడు. అక్కడ పద్ధతి వేరు. కాగితం మీద రాసింది రాసినట్టు వాయించాలి. కొత్త ఫ్యాషన్ శబ్దం కావాలి, గణగణ మోగే కొత్త తీగలు, బొటనవేలితో చరిచే వాయింపు. తీగలు మార్చమన్నారు. ఆయన మార్చలేదు. మొండితనం అనొచ్చు. నాకైతే పూర్తిగా అలా అనబుద్ధి కాదు, ఆ తీగలు తీసేస్తే తన గొంతు తీసేసినట్టే కదా. కానీ పిలుపులు తగ్గాయి, తాగుడు పెరిగింది, చెయ్యి తడబడడం మొదలైంది.

1983 మార్చి 25న పసాడెనాలో మోటౌన్ 25 ఏళ్ళ పండగ జరిగింది. టీవీ కోసం తీశారు, మైకేల్ జాక్సన్ మొదటిసారి మూన్‌వాక్ చేసింది ఆ వేదిక మీదే. పాత గాయకులందరినీ పిలిచారు. జేమర్సన్‌కి పిలుపు లేదు. ఆయన బ్లాకులో టికెట్టు కొనుక్కుని బాల్కనీలో వెనక కూర్చున్నాడు. కింద తన పాటలు ఎవరో వాయిస్తుంటే పైనుంచి విన్నాడు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి. పోయిన ఏడు ఒక కాలేజీ కల్చరల్స్‌లో మా బ్యాండుకి రెండో బహుమతి వచ్చింది. స్టేజి మీద అందరి పేర్లూ చదివారు, నా పేరు తప్ప. బేస్ వాయించిన అమ్మాయి కూడా ఉందని మా డ్రమ్స్ అమ్మాయి అరిచేలోపు మైకు తీసేశారు. ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చాను, ఆ వారమే బేస్ అమ్మకానికి పెట్టాను. ఒకబ్బాయి వచ్చి చూసి ఐదు వేలన్నాడు. చినమామయ్య వారించలేదు. అమ్మేముందు ఒక్కసారి విను అని బెర్నడెట్ పెట్టాడు, తర్వాత ఆ బాల్కనీ కథ చెప్పాడు. ఆ అబ్బాయికి ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. నేనూ అమ్మలేదు.

ఆ పండగైన నాలుగు నెలలకి, 1983 ఆగస్టు 2న, లాస్ ఏంజెలెస్‌లో జేమర్సన్ చనిపోయాడు. 47 ఏళ్ళు. కాలేయం పాడైంది, గుండె, ఊపిరితిత్తులు కూడా. డెట్రాయిట్‌లోనే పూడ్చారు. 1989లో ఆలన్ స్లట్స్కీ అనే గిటార్ కళాకారుడు ఆయన జీవితాన్నీ, వాయించిన బేస్ వరుసల స్వరలిపినీ కలిపి పుస్తకంగా తెచ్చాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పక్కవాద్యకారులకని కొత్తగా ఒక విభాగం పెట్టి, మొదటి ఏడే ఆయన్ని చేర్చారు. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద సినిమా వచ్చింది. బీటిల్స్‌లో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ తన మీద ఆయన ప్రభావం ఉందని బాహాటంగా చెప్పాడు.

ఆ 1962 బేస్ మాత్రం లేదు. ఆయన చనిపోవడానికి కొద్దిరోజుల ముందు ఇంట్లోంచి ఎవరో ఎత్తుకుపోయారు. ఇప్పటికీ దొరకలేదు. ఆ కాలపు ఫెండర్లు ఈ రోజు వేల డాలర్లు పలుకుతాయి, ఇక అది దొరికితే ధర చెప్పగలవాళ్ళుండరు. తీసుకున్నవాడు ఆ పాత తీగలు చూసి, మురికిగా ఉన్నాయని కొత్తవి వేయించేసి ఉంటాడేమోనని నా భయం.

చినమామయ్యకి సెకండ్ హ్యాండు ప్రకటనలు చూసే అలవాటుంది, ఇప్పుడు నాకూ అంటింది. పాత సన్‌బర్స్ట్ ప్రెసిషన్ ఎక్కడ కనిపించినా, అది సముద్రాలు దాటి ఇక్కడికి రాదని తెలిసి కూడా, ఫోటో పెద్దది చేసి నెక్ అతికే చోటు చూస్తాను.