రుడాల్ఫ్ డీజెల్

విస్సన్నపేట మెట్ట సీమ. కృష్ణ కాలువలు పారు డెల్టా గ్రామములకును, ఈ తిరువూరు వైపు పల్లెలకును భేదము కలదు. డెల్టాలో నీరు గట్టు తెగి వచ్చునేమో యని భయము. ఇచ్చట బావిలోనుండి పైకి వచ్చునో రాదో యని భయము. ఎద్దులతో మోట తోలిన కాలము గతించిన పిమ్మట, విద్యుత్తు తీగలు పొలములకు రాకపూర్వము, మెట్ట రైతునకు ఆయిలింజనే దిక్కయ్యెను. తెల్లవారుజామున బావి గట్టున అది టపటపమని మ్రోగినచో ఇంటిలోనివారికి ధైర్యము. మ్రోగకున్న ఆ దినమంతయు దిగులు. నేడు ధాన్యము మోయు లారీయు, గోదావరిపై పాపికొండలకు పోవు లాంచీయు ఆ జాతి యంత్రముతోడనే నడచుచున్నవి. బంకు కడ నిలిచి డీజెలని యడుగువారిలో, అది ఒక మనుజుని యింటిపేరని యెరిగినవా రెందరు?

రుడాల్ఫ్ డీజెల్ 1858 మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా దేశీయులు. తండ్రి తోలు పనివాడు. పెద్ద కలిమి లేని సంసారము. 1870లో ఫ్రాన్సునకు, జర్మనులకు యుద్ధము రాగా పారిసులో జర్మనులకు నిలువ నీడ లేకపోయెను. కుటుంబము లండను చేరెను. పన్నెండేండ్ల బాలుని తల్లిదండ్రులు చదువునకై ఆగ్స్‌బర్గులోని బంధువుల యింటికి ఒంటరిగా పంపిరి. గణితోపాధ్యాయుడైన ఆ బంధువు చేరదీయకున్నచో ఈ కథ ఎట్లు నడచియుండెడిదో చెప్పజాలము. ఉపాధ్యాయు లీ మాటకు సంతోషింతురు గాక.

బాలుడు పదునాలుగేండ్లకే ఇంజనీరు కాదలచెను. ఆగ్స్‌బర్గు పారిశ్రామిక పాఠశాలలోను, అటుపై మ్యూనిక్ సాంకేతిక కళాశాలలోను చదివెను. టైఫాయిడు జ్వరముచే పరీక్ష తప్పిపోగా, మరల వ్రాసి 1880లో అత్యున్నతముగా నుత్తీర్ణుడయ్యెను. అచ్చట అతని గురువు కార్ల్ ఫాన్ లిండే, శీతల యంత్రములకు ప్రసిద్ధుడు. ఆనాటి ఆవిరి యంత్రము తనకు వేసిన బొగ్గులోని శక్తిలో పదింట ఒక వంతు కూడ పనిగా మార్చజాలదని ఆ గురువు పాఠములో వినినది మొదలు శిష్యునకు నిదుర పట్టలేదు. మిగిలిన తొమ్మిది వంతులు పొగగొట్టమున పోవుచున్నవి గదా!

లిండే సంస్థలో మంచు యంత్రముల పని చూచుచునే పదేండ్లకు పైగా అతడా చింతలో నుండెను. అమోనియా ఆవిరితో యంత్రము నడుపజూచి విఫలుడయ్యెను. 1883లో మార్తా అను కన్యను వివాహమాడెను. ముగ్గురు బిడ్డలు గలిగిరి. తుదకు తోచిన యుపాయము వినుటకు సులభమే. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగు వేడెక్కుట విద్యార్థులెల్లరు నెరిగినదే. గాలిని నొక్కిన కొలది వేడెక్కును. ఇరువది పాళ్ల గాలిని ఒక పాలుగా నొక్కినచో ఆ వేడి 500 సెంటిగ్రేడు డిగ్రీలు దాటును. అందు చమురు చిమ్మినచో నిప్పురవ్వ అక్కర లేకయే అది భగ్గున మండును. 1892లో పేటెంటుకై దరఖాస్తు పెట్టగా మరుసటి యేడు 67207 సంఖ్యతో లభించెను. 1893లోనే సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. పండితులు కొందరు నవ్విరి. ఆగ్స్‌బర్గు యంత్రశాలయు, క్రుప్ సంస్థయు మాత్రము నమ్మి ధనమిచ్చినవి.

కాగితముపై నిప్పు పుట్టుట వేరు, ఇనుములో పుట్టుట వేరు. 1893 వేసవిలో తొలి యంత్రమును పరీక్షింపగా, కోరిన ఒత్తిడి రాలేదు. గాలి పిస్టను ప్రక్కలనుండియు, వాల్వుల సందులనుండియు జారిపోవుచుండెను. ఒక సందు మూసిన మరియొకటి కానవచ్చెను. ఆగస్టు 10వ తేదీన చమురు చిమ్మగా, అంటుకొనుట యేమో అంటుకొనెను గాని, ఒత్తిడి కొలుచు పరికరము పగిలి ముక్కలై యెగిరెను. డీజెల్ వెంట్రుకవాసిలో తప్పించుకొనెను.

ఆనాడు అతనిని పీడించిన ఆ గాలి జారుడే నేటికిని లాంచీ నడుపువారిని పీడించుచున్నది. శీతాకాలపు ఉదయమున ఇంజను ఎంత త్రిప్పినను అందుకొనదు. అందుకొన్నను తెల్లని పొగ క్రక్కును. ఎదురు ప్రవాహమున బలము చాలదు. అనుభవజ్ఞుడైన మెకానిక్ వెంటనే ఇంజను విప్పబోడు. తొలుత గాలి వడపోత మూసికొనినదా, బ్యాటరీ ఇంజనును తగిన వేగమున త్రిప్పుచున్నదా యని చూచును. పిమ్మట ఇంజెక్టరు విప్పి, ఆ రంధ్రమున గేజీ బిగించి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడి వ్రాసికొనును. అన్నియు సమముగా కొంత తగ్గినచో అరుగుదల; ఒక్కటే మిక్కిలి తగ్గినచో దానియందే దోషము; ప్రక్కప్రక్కనున్న రెండు తగ్గినచో నడిమి గాస్కెట్టుపై అనుమానము. ఆపై తగ్గిన సిలిండరులో చెంచాకు మించని నూనె పోసి మరల కొలుచును. ఒత్తిడి పెరిగినచో రింగులు అరిగినవి, నూనె ఆ సందును మూసినది. పెరుగనిచో లోపము వాల్వులలోనో గాస్కెట్టులోనో యున్నది. డీజెల్ ఇంజనులో పై ఖాళీ చిన్నది, నూనె యెక్కువైన కడ్డీలే వంగును గనుక చేయి జాగ్రత్తగా నుండవలెను. ఇంకను సందేహమున్నచో పిస్టనును పైకి తెచ్చి, వాల్వులు రెండును మూసియున్నపుడు లోనికి గాలి పంపి చెవియొగ్గును. గాలి లోనికి పీల్చు గొట్టమున బుసకొట్టిన ఒక వాల్వు, పొగగొట్టమున బుసకొట్టిన రెండవ వాల్వు, నూనె పోయు మూత కడ వినవచ్చిన రింగులు, చల్లార్చు నీటిలో బుడగలు లేచిన గాస్కెట్టు. నీటి మీది ఇంజనునకు మరియొక గండము కలదు: పొగగొట్టము ద్వారా నీరు వెనుకకు వచ్చి వాల్వులకు త్రుప్పు పట్టించును. వైద్యుడు నాడి చూచుటకు దీనికి భేదము నాకు కానరాదు.

అట్టి పరీక్షలతోనే డీజెల్ నాలుగేండ్లు గడపెను. 1894 ఫిబ్రవరి 17వ తేదీన యంత్రము తొలిసారి తనంత తాను, ఒక నిమిషము మాత్రము, నడచెను. త్రిప్పుచున్న పట్టాను ఇప్పుడు ఇంజనే లాగుచున్నదని ముందుగా గమనించిన పనివాడొకడు మాటాడక తలపై టోపీ తీసెనని చెప్పుదురు. 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ఆచార్యుడు ష్రోటర్ అధికార పరీక్ష జరిపెను. నూటికి 26 పాళ్లకు పైగా శక్తి పనిగా మారినది. లోకము విస్తుపోయెను.

ధనము వచ్చెను, మ్యూనిక్‌లో మేడ లేచెను. 1900 పారిసు ప్రదర్శనమున అతని పద్ధతి యంత్రము బహుమానమందెను. అచ్చట ఒక చిన్న యంత్రము వేరుసెనగ నూనెతో నడచినది. మన సీమ పంట యగు వేరుసెనగతోనే! చూచినవారిలో దానిని గుర్తించినవారు కొందరే యట. 1903లో ఫ్రాన్సు కాలువ పడవయు, రష్యా చమురు ఓడ వాండాలును ఈ యంత్రముతో నడచెను. 1912లో డెన్మార్కున కట్టిన సెలాండియా మహాసముద్రములు దాటెను.

కాని కీర్తి పెరుగుచుండగనే మనిషి లోలోన కృశించుచుండెను. తలనొప్పులు, నిద్రలేమి, పేటెంటు వివాదములు, మందబుద్ధితో కాదు గాని మితిమీరిన ఆశతో పెట్టిన పెట్టుబడులు. సిలిండరులో సూదిమొన సందునైనను పట్టగలిగినవాడు తన లెక్కల పుస్తకమున ధనము ఎచ్చట జారుచున్నదో పట్టలేకపోయెను. పట్టినను భార్యకు చెప్పలేదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము ఆంట్‌వర్ప్ రేవున డ్రెస్‌డెన్ అను ఓడ యెక్కెను. అది ఆవిరి ఓడ. ఇంగ్లండులో తన పేరిటి సంస్థ సమావేశమునకు ప్రయాణము. మిత్రులతో భుజించి, ఉదయము ఆరుంబావునకు లేపుమని చెప్పి, రాత్రి పది గంటలకు గదికి పోయెను. ఉదయము చూడగా పరుపు నలుగలేదు. డెక్కుపై టోపీయు, మడచిన కోటును కానవచ్చెను. ఇంట భార్యకు తానిచ్చి వారము దాక తెరువవలదన్న సంచిలో కొంత రొక్కమును, ఖాళీ యైన ఖాతాల కాగితములును ఉండెను. ప్రమాదమో, ఆత్మహత్యయో, హత్యయో యని నాడు పత్రికలు పలువిధముల వ్రాసినవి, నేటికిని తేలలేదు.

పది దినములు దాటిన పిమ్మట ఒక డచ్చి పడవవారు సముద్రమున శవమును చూచిరి. ఆచారము ననుసరించి జేబులోని వస్తువులు తీసికొని దేహమును మరల నీటికే విడిచిరి. మాత్రల డబ్బీ, చేతి కత్తి, కళ్లజోడు పెట్టె. వ్లిస్సింజెన్ రేవునకు వచ్చిన కుమారుడు యూజెన్ వానిని చూచి తండ్రివే యని గుర్తించెను.