ఎర్ల్ ఫెల్ప్సు

ఎర్ల్ బెర్నార్డ్ ఫెల్ప్సు 1876వ సంవత్సరమున అమెరికాదేశమందలి ఇల్లినాయి రాష్ట్రమున గేల్స్‌బర్గు పట్టణమందు జన్మించెను. మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి, 1899లో పట్టము పొంది, పిమ్మట మురుగునీటి శుద్ధినిగూర్చి పరిశోధనలు సలిపెను.

ఆ కాలమున పెక్కు నగరముల మురుగు శుద్ధి లేకయే నదులలో గలియుచుండెను. నది తనంతట తానే శుభ్రపడునని జనులు తలచిరి. అది సగము మాత్రమే నిజము. మురుగును తిను సూక్ష్మజీవులు నీటిలో గరగియున్న ప్రాణవాయువును వ్యయము చేయును. పైనున్న గాలి దానిని మరల నీటి కొసగును. వ్యయము మితిమీరినచో చేపలు ఊపిరాడక చచ్చును.

ఫెల్ప్సు, స్ట్రీటరు అను ఇంజనీరుతో గూడి, ఒహాయోనదీ పరిశీలనముల నాధారముగా గొని 1925లో ఈ యాదాయవ్యయముల నొక సమీకరణముగా బ్రకటించెను. నీటిలో మురుగెంత మిగిలియుండునో వ్యయ మంత వేగము. ప్రాణవాయువెంత కొరవడునో గాలి యిచ్చుటయు నంత వేగము. ఈ లెక్కను గీతగా గీసినచో, రెండు చెట్లకు వదులుగా గట్టిన త్రాటివలె అది నడుమ దిగి మరల పైకి లేచును. మిక్కిలి లోటు సాధారణముగా మురుగు కలియుచోట గాక, చాల దూరము దిగువను గనబడును. నది యెంత మురుగును భరింపగలదో ముందుగనే లెక్కించుటకు దీనివలన మార్గమేర్పడెను. నేటి నదీగణితములకును ఇదియే మూలము.

ఫెల్ప్సు 1953లో మృతినొందెను. విద్యార్థులారా, మనము చేసిన కీడు మన రేవున గనబడకపోవచ్చును. దిగువయూరి రేవున దప్పక గనబడును. ఆ సత్యమును అంకెలతో చూపినవా డీతడు.