రాజాజీ, బీసీజీ సూది, మా నాన్న ఉత్తరం

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ వైపు తెలుగు, నాన్న వైపు తమిళం. మారికుప్పంలో ఇదేం వింత కాదు. గని పనికి వచ్చిన ప్రతి కుటుంబమూ తన ఊరి భాషని మూట కట్టుకునే వచ్చింది. మా అవ్వకీ మా తాతకీ చాలా విషయాల్లో పొసగదు. ఒక్క రాజాజీ విషయంలో మాత్రం ఇద్దరూ ఒకటే. ఇద్దరికీ ఆయనంటే కోపం.

అవ్వ కోపం పొట్టి శ్రీరాములు గారి గురించి. 1952లో ప్రత్యేక ఆంధ్ర కోసం ఆయన యాభై ఎనిమిది రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీయే. తాత కోపం 1953 నాటి చదువు పథకం గురించి. చిన్న పిల్లలకి రోజుకి మూడు గంటలే బడి, మిగతా పొద్దు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి అన్నది ఆ పథకం. పాకీ పని చేసేవాడి కొడుకు ఏం నేర్చుకోవాలి మరి? తమిళ జనం దానికి కులకల్వి అని పేరు పెట్టి ఎదురు తిరిగారు. మా తాత ఇప్పటికీ ఆ పేరు ఎత్తితే పళ్ళు కొరుకుతాడు.

అలాంటి మనిషి గురించి గోడపత్రికకి ఎందుకు రాస్తున్నానంటే, దానికి మా నాన్న రాసిన ఒక ఉత్తరం కారణం. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక అంతటా బడిపిల్లలకి తట్టు-రుబెల్లా టీకా వేశారు. తొమ్మిది నెలల పాప నుంచి పదిహేనేళ్ళ లోపు వాళ్ళందరికీ. అప్పుడు ఫోన్లలో ఏవేవో సందేశాలు తిరిగాయి. పిల్లలు పడిపోతున్నారట, ఆడపిల్లలకి ముందు ముందు పిల్లలు పుట్టరట అని. మా నాన్న భయపడి, మా పాపకి వద్దు, మినహాయింపు ఇవ్వండి అని బడికి ఉత్తరం రాసిచ్చారు. క్లాసు మొత్తం వరసగా వెళ్ళి సూది వేయించుకుని, వేలికి సిరా గుర్తుతో తిరిగి వచ్చింది. నేను ఒక్కదాన్నే బెంచీ మీద కూర్చున్నాను. నాకు సంతోషంగా ఉందా సిగ్గుగా ఉందా అన్నది ఆ రోజు తేల్చుకోలేకపోయాను.

పోయిన ఏడాది లైబ్రరీలో రాజాజీ జీవితం చదువుతుంటే, ఆయన కూడా బడిపిల్లల టీకాకి అడ్డం పడ్డారని తెలిసింది. అప్పుడు ఆ బెంచీ గుర్తొచ్చింది.

చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరు 10న తొరపల్లిలో పుట్టారు. అది హోసూరు దగ్గరి పల్లె, మనకి ఎంతో దూరం కాదు. తండ్రి ఆ ఊరి మున్సబు. హోసూరులో చదివి, బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వచ్చి, మద్రాసులో లా ముగించి, 1900లో సేలంలో వకీలుగా కుదురుకున్నారు. పెళ్ళి నాటికి భార్య పదేళ్ళ పిల్ల. ఆయనకి నలభై నిండకముందే ఆవిడ ఐదుగురు పిల్లల్ని వదిలి పోయారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1917లో సేలం మునిసిపాలిటీకి ఛైర్మన్ అయ్యారు. గాంధీగారి మాట విని ప్రాక్టీసు వదిలేశారు, వేలూరు జైలు చూశారు, 1930లో వేదారణ్యానికి నడిచి ఉప్పు తీశారు. 1933లో ఆయన కూతురు లక్ష్మి గాంధీగారి కొడుకు దేవదాస్‌ని పెళ్ళాడింది, దాంతో ఇద్దరూ వియ్యంకులయ్యారు. ఆ తరువాత మద్రాసు ప్రధానమంత్రి, బెంగాలు గవర్నరు, స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్ అయిన ఒకే ఒక్క భారతీయుడు, మళ్ళీ మద్రాసు ముఖ్యమంత్రి. 1954లో చదువు పథకం గొడవతో దిగిపోయారు. అదే ఏడు భారతరత్న వచ్చింది.

ఆ మరుసటి ఏడు, డెబ్బై ఆరేళ్ళ వయసులో, ఆయన బీసీజీ మీద పడ్డారు.

బీసీజీ క్షయకి టీకా. ఫ్రాన్సులో కనిపెట్టి 1921లో మొదటిసారి పసిబిడ్డకి ఇచ్చారు. అందులో ఉండేది బలం తగ్గించిన బతికున్న క్రిమి. మన దేశంలో దాని మొదలు 1948లో, పక్కనే, అప్పటి చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో జరిగింది. మద్రాసు గిండీలో టీకా తయారీ పెట్టారు. కొన్నేళ్ళకి దేశమంతా పెద్ద ఎత్తున మొదలైంది. ఊరికి జట్టు వస్తుంది. ముందు చేతికి పరీక్ష సూది వేస్తారు, మూడు రోజుల తరువాత చూస్తారు. చర్మం ఉబ్బకపోతే క్షయ క్రిమి ఇంకా తగల్లేదని లెక్క, వాళ్ళకి బీసీజీ. ఎక్కువమంది పిల్లలు ఒకేచోట దొరికేది బడిలో కాబట్టి జట్లు బడికే వెళ్ళేవి.

రాజాజీ అభ్యంతరం అక్కడే మొదలైంది. ఇష్టం ఉంటేనే అని ప్రభుత్వం చెబుతుంది. కానీ అయ్యవారు వరసలో నిలబడమంటే ఏ పిల్లవాడు నిలబడడు? ఇంట్లో చదువురాని తల్లికి ఆ సూది ఏమిటో ఎవరు చెప్పారు? ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి ఒంట్లోకి బతికున్న క్రిమిని పంపేముందు తల్లిదండ్రుల్ని నిజంగా అడగాలి అన్నారు. రెండో అభ్యంతరం, ఇది పెద్దవాళ్ళ క్షయని ఆపుతుందని మన దేశంలో రుజువు కాలేదు అని. మూడోది, ఆ డబ్బు తిండికి, ఇళ్ళకి, గాలీ వెలుతురుకీ పెట్టండి అని. వ్యాసాలు రాశారు, సభల్లో మాట్లాడారు, ఒక చిన్న పుస్తకమే వేశారు. కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత కౌర్ గట్టిగా నిలబడి టీకాని సమర్థించారు. ఆవిడా గాంధీగారి మనిషే. అయినా రాజాజీ మాటకున్న బరువు వేరు. మద్రాసు రాష్ట్రంలో ఆ కార్యక్రమం బాగా కుంటుపడింది.

మూడో అభ్యంతరం చదివినప్పుడు మా లైన్లు గుర్తొచ్చాయి. చాంపియన్ రీఫ్‌లో కిలోమీటర్ల లోతుకి దిగిన మనుషులు రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్నారు. ఆ దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ తేలిగ్గా పాగా వేస్తుంది. ఇంటికొస్తే ఒక్క గదిలో ఏడెనిమిది మంది. ఆ గదిని అలాగే ఉంచి ఒక్క సూదితో సరిపెట్టుకుంటామంటే రాజాజీ ఒప్పుకోలేదు. అది మాత్రం నాకు న్యాయంగానే తోచింది.

కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఇదే మనిషి రెండేళ్ళ ముందు లక్షల మంది పిల్లల బడి గంటలు కత్తిరించారు. అప్పుడు ఏ తల్లిని అడిగారు? మా తాత వాళ్ళ నాన్నని ఎవరు అడిగారు? పిల్లల విషయంలో కన్నవాళ్ళ మాట అంత ముఖ్యమని 1955లో తెలిసిన ఆయనకి 1953లో ఎందుకు తెలియలేదు? నా వరకు దీనికి జవాబు దొరకలేదు. అధికారంలో ఉన్నప్పుడు అడగడం కష్టం, దిగిపోయాక అడగమనడం సులువు అనిపిస్తుంది.

ఆయన వియ్యంకుడిదీ ఇదే దారి. గాంధీగారికి మశూచి టీకా మీద నమ్మకం లేదు. 1930లో దండి నడకకి ముందు సబర్మతి ఆశ్రమంలో మశూచి వచ్చి పిల్లలు చనిపోయారు. ఆశ్రమంలో భజనలు పాడించే పండిత ఖరే కొడుకు వారిలో ఒకడు. ఆ తండ్రి కొద్ది రోజులకే దండికి నడిచాడు. గాంధీగారు ఎంతో కుమిలిపోయారు, కానీ నమ్మకం మార్చుకోలేదు. నమ్మకం పెద్దలది, పోయింది పిల్లలు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రాజాజీ ఆ తరువాత కూడా ఊరుకోలేదు. ఎనభైయ్యో ఏట స్వతంత్ర పార్టీ పెట్టారు. 1962లో అణుపరీక్షలు ఆపమని అడగడానికి అమెరికా వెళ్ళి కెన్నెడీని కలిశారు. 1972 డిసెంబరు 25న మద్రాసులో కన్నుమూశారు.

అప్పటికి చెంగల్పట్టు జిల్లాలో ఒక పెద్ద పరీక్ష నడుస్తోంది. 1968లో మొదలుపెట్టి, రెండున్నర లక్షలకి పైగా మందిని ఏళ్ళ తరబడి గమనించారు. ఆయన పోయిన ఏడేళ్ళకి ఫలితం వచ్చింది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయని బీసీజీ ఆపలేదు. ఆ ముక్క వరకు ముసలాయనే గెలిచారు. కానీ పసిపిల్లల మెదడుకి పాకే క్షయ నుంచి, ఒళ్ళంతా వ్యాపించే క్షయ నుంచి ఈ టీకా కాపాడుతుందని వేరే చోట్ల తేలింది. అందుకే ఈనాటికీ బిడ్డ పుట్టగానే వేస్తారు. మీ ఎడమ భుజం మీద చూసుకోండి, ఆ మచ్చ ఉంటుంది. అందరూ రాజాజీ మాటే విని ఆగిపోయి ఉంటే ఆ మచ్చ ఉండేది కాదు, కొందరు పిల్లలూ ఉండేవాళ్ళు కాదు.

అందుకని ఆయన అడిగిన ప్రశ్నకి ఒక దండం పెడతాను, ఆయన ఇచ్చుకున్న జవాబుకి పెట్టలేను. అడగాలి, చెప్పించుకోవాలి. రాజాజీ అయినా చదివి, పేరు పెట్టుకుని, నలుగురి ముందు వాదించారు. మా నాన్న నమ్మింది ఎవరు రాశారో తెలియని ఒక ఫోను సందేశాన్ని. నాకు తట్టు రాకపోవడం ఆ ఉత్తరం గొప్ప కాదు. నా బెంచీ చుట్టూ కూర్చున్న వాళ్ళంతా సూది వేయించుకున్నారు కాబట్టి జబ్బు నా దాకా రాలేదు. వాళ్ళ చేతి నొప్పి మీద నేను బతికాను.

రుబెల్లా మనకి వస్తే రెండు రోజుల జ్వరం, కాస్త దద్దురు, అంతే. కడుపుతో ఉన్న తొలి నెలల్లో వస్తే మాత్రం పుట్టే బిడ్డకి చూపు, వినికిడి, గుండె, ఏదైనా పోవచ్చు. కడుపు వచ్చాక ఆ టీకా వేయరు, ముందే వేయించుకోవాలి. ఇది ఆడపిల్లల కాలేజీ కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

పోయిన నెల నేను ఆస్పత్రికి వెళ్ళి డాక్టరమ్మని నాకున్న సందేహాలన్నీ అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. వేయించుకున్నాను. చీటీ మీద సంతకం నేనే పెట్టాను. ఇంటికొచ్చి నాన్నకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగారు.